కల, బౌద్ధ దృష్టి: నేరేడుచర్ల పరిసరాలు, కృష్ణా–మూసీ లోయ

పాళీలో సుపినం, సంస్కృతంలో స్వప్నం అనే కల బౌద్ధ సాహిత్యంలోనూ శిల్పంలోనూ పదేపదే కనిపిస్తుంది. బుద్ధుడి పుట్టుక కథ తల్లి కన్న కలతో మొదలవుతుంది. జ్ఞానోదయానికి ముందు ఆయనకే ఐదు కలలు వచ్చాయని సుత్తాలు చెబుతాయి. లోకం తీరు వివరించవలసి వచ్చినప్పుడు ఆచార్య నాగార్జునుడు కలనే పోలికగా ఎంచుకున్నాడు. అదే సమయంలో, కలలకు ఫలం చెప్పి బతకడం భిక్షువుకు తగదని బుద్ధుడు స్పష్టంగా అన్నాడు. కలను పట్టించుకోవాలి, కానీ కలకు లొంగిపోకూడదు. బౌద్ధం కలకు ఇచ్చే అర్థం ఈ రెంటి మధ్య ఉంటుంది. కల ఏం జరగబోతుందో చెప్పే జాబు కాదని, నిద్రలో మనసు తనను తాను చూసుకునే అద్దమని, దాని విలువ మేలుకున్నాక మనిషి నడిచే నడతలో తేలుతుందని ఆ సంప్రదాయ సారాంశం.

ఈ ఆలోచన ఊరికి దూరమైనది కాదు. నేరేడుచర్లకు ఉత్తరాన ఫణిగిరి, నైరుతిన నాగార్జునకొండ, కృష్ణ దిగువన అమరావతి ఉన్నాయి. కలను రాతిలో చెక్కినవారు ఈ లోయలోనే బతికారు, తత్త్వంగా మలిచినవారినీ సంప్రదాయం ఈ లోయతోనే ముడిపెడుతుంది.

ప్రాంతం

నేరేడుచర్ల సూర్యాపేట జిల్లాలో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పట్టణాల మధ్య ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది నల్లగొండలో భాగం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారించే వరి నేల ఇది. ఆ కాలువ నీటికీ ఈ వ్యాసాంశానికీ సంబంధం ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన సాగర్ ఆనకట్ట వల్ల ముంపునకు గురైన లోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ. 1926లో ఏ. రంగస్వామి సరస్వతి గుర్తించిన ఈ స్థలంలో మొదట లాంగ్‌హర్స్ట్, తర్వాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. మునిగిపోకముందే దక్కించుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా తవ్వారు. ఆరామాలు నిలిచిన నేల మీదుగా వచ్చిన నీళ్లే ఇప్పుడు నేరేడుచర్ల మడులకు అందుతున్నాయి.

ఊరి పేరులో ఉన్న నేరేడుకూ బౌద్ధంలో చోటుంది. సిద్ధార్థుడు పసివాడుగా, తండ్రి పనిలో ఉండగా, ఒక జంబు వృక్షం నీడన కూర్చుని తొలి ధ్యానాన్ని అనుభవించాడని మహాసచ్చక సుత్తం చెబుతుంది. జంబు అంటే నేరేడు. కఠోర తపస్సుతో ఒళ్లు శుష్కించాక ఆయనకు గుర్తొచ్చి దారి చూపింది ఆ చెట్టు నీడే.

ఫణిగిరి

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో, మూసీకి ఉపనది అయిన బిక్కేరు ఒడ్డున, పాము పడగను తలపించే గుట్ట మీద ఫణిగిరి ఆరామం ఉంది. నిజాం కాలంలో, 1940 దశకంలో ఇక్కడ తొలి తవ్వకాలు జరిగాయి. 2001 తర్వాత మళ్లీ మొదలైన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, స్తంభ మండపాలు, చెక్కిన తోరణ భాగాలు వెలుగుచూశాయి. ఈ తోరణ శిల్పం 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో కనిపించి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. వాటికి ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు ఉన్నాయి.

ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం ఇక్కడే దొరికింది. ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన దాత రాజుగారి ముఖ్య వైద్యుడు. వైద్యుడు ఆరామానికి దాత కావడం ఈ సంప్రదాయంలో వింత కాదు. కల ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు బౌద్ధం ఇచ్చిన మొదటి సమాధానం వైద్యశాస్త్రం నుంచి తీసుకున్నదే. దాని వివరం కింద వస్తుంది.

మాయాదేవి కల

జాతక కథలకు ఉపోద్ఘాతమైన నిదానకథ ప్రకారం ఆషాఢ పౌర్ణమి ఉత్సవం ముగిశాక మాయాదేవి నిద్రపోయింది. నలుగురు దిక్పాలకులు ఆమెను మంచంతో సహా హిమాలయానికి మోసుకుపోయారు. అనోతత్త సరస్సులో స్నానం చేయించి, వెండి కొండ మీది బంగారు భవనంలో పడుకోబెట్టారు. తెల్లని ఏనుగు తొండంలో తెల్లతామర పట్టుకుని వచ్చి, ముమ్మారు ప్రదక్షిణ చేసి, కుడి పక్క నుంచి గర్భంలో ప్రవేశించింది. మర్నాడు శుద్ధోదనుడు 64 మంది బ్రాహ్మణులను పిలిపించాడు. కొడుకు పుడతాడని, ఇంట ఉంటే చక్రవర్తి, ఇల్లు విడిస్తే బుద్ధుడు అవుతాడని వారు చెప్పారు.

ఈ కథ ఒక్కసారిగా రూపుకట్టలేదు. మజ్ఝిమ నికాయంలోని అచ్ఛరియ అబ్భుత సుత్తం బోధిసత్త్వుడు గర్భంలోకి దిగడాన్ని వర్ణిస్తుంది గాని అందులో కల లేదు, ఏనుగూ లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దపు భర్హుత్ శిల్పంలో ఏనుగు ఉంది. కానీ దాని మీది రాతలో ఉన్నది భగవంతుడి అవతరణ అన్న మాటే. కల అన్న మాట లేదు. తొలి బౌద్ధులకు అది దిగిరావడం. తర్వాతివారికి తల్లి కన్న కల. సంఘటనకు కల రూపం ఇవ్వడంతో తల్లి మనసు కూడా కథలోకి వచ్చింది.

అమరావతి శిల్పులు దాన్ని అందుకున్నారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక స్తూప ఫలకం నాలుగు గళ్లుగా ఉంటుంది. పైన కుడివైపు మాయాదేవి పడుకుని ఉంది. ఎడమవైపు రాజసభలో కలకు అర్థం చెబుతున్నారు. కింద కుడివైపు సాలవృక్షం కొమ్మ పట్టుకుని తల్లి నిలబడింది. ఎడమవైపు బిడ్డను శాక్యుల కులదైవమైన యక్షుడి ముందుకు తెచ్చారు. బిడ్డ బొమ్మ ఎక్కడా లేదు. దేవతలు పట్టుకున్న వస్త్రం మీద చిన్న పాదముద్రలు ఉన్నాయి, అంతే. ఆ ఫలకంలో నిద్రపోతున్న తల్లికీ, అర్థం వెతుకుతున్న సభకూ సమానమైన చోటు దొరికింది. కల ఎంత ముఖ్యమో దాన్ని విప్పి చెప్పుకోవడమూ అంతే ముఖ్యమన్న భావన ఆ కూర్పులో ఉంది.

1957లో వెలువడిన ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఈ కలను వదిలేయలేదు. ఆయన కథనంలో సుమేధుడనే బోధిసత్త్వుడు కలలో కనిపించి, తన చివరి జన్మకు తల్లిగా ఉండటానికి సమ్మతమేనా అని అడుగుతాడు. మహామాయ సంతోషంగా ఒప్పుకుంటుంది. అద్భుతం తగ్గి, అడగడం, ఒప్పుకోవడం మిగిలాయి. తెలుగు నేల మీద అంబేడ్కర్ మార్గంలో బౌద్ధాన్ని స్వీకరించినవారికి మాయాదేవి కల ఈ రూపంలోనూ పరిచయం.

బోధిసత్త్వుడి ఐదు కలలు

అంగుత్తర నికాయంలోని మహాసుపిన సుత్తం జ్ఞానోదయానికి ముందు వచ్చిన ఐదు కలలను చెబుతుంది. మొదటి కలలో నేల ఆయనకు పరుపు, హిమాలయం దిండు. ఎడమచేయి తూర్పు సముద్రంలో, కుడిచేయి పడమటి సముద్రంలో, పాదాలు దక్షిణ సముద్రంలో ఉన్నాయి. అది సంబోధికి గుర్తు. రెండో కలలో బొడ్డు నుంచి ఒక గడ్డిపోచ మొలిచి ఆకాశాన్ని తాకింది. అది అష్టాంగ మార్గం. మూడో కలలో నల్లని తలలున్న తెల్లని పురుగులు పాదాల నుంచి మోకాళ్ల దాకా పాకాయి. అవి శరణు కోరి వచ్చే తెల్లబట్టల గృహస్థులు. నాలుగో కలలో నాలుగు దిక్కుల నుంచి నాలుగు రంగుల పక్షులు వచ్చి పాదాల దగ్గర వాలి తెల్లగా మారిపోయాయి. నాలుగు వర్ణాలవారూ ఇల్లు విడిచి వచ్చి ఒకే విముక్తిని పొందుతారని దాని అర్థం. ఐదో కలలో ఆయన పెంట గుట్ట మీద నడిచినా కాలికి మరక అంటలేదు. అన్నవస్త్రాలు అందినా వాటికి అంటుకోకుండా ఉండటం అది.

ఈ ఐదింటిలో సిరిసంపదల జోస్యం ఒక్కటీ లేదు. గడ్డి, పురుగు, పక్షి, పెంట వంటి రోజూ చూసే వాటి నుంచే ప్రతి కలా పుట్టింది. ప్రతి అర్థమూ ఒక బాధ్యత దగ్గర ఆగింది. కులం వల్ల మనుషులు ఎన్నో గాయాలు మోసిన పల్లెల్లో నాలుగు పక్షుల కల పాతపడదు. రంగులు కలిసిపోయిన చోటే విముక్తి ఉందన్న మాట ఆ కలలో ఉంది.

పసేనది భయం

జాతక కథల్లో 77వది మహాసుపిన జాతకం. కోసల రాజు పసేనది ఒకే రాత్రి పదహారు కలలు కని వణికిపోతాడు. రాజ్యానికో, ప్రాణానికో కీడు ఉందని పురోహితులు చెప్పి, ప్రతి నాలుగు దారుల కూడలిలో జంతుబలులు ఇవ్వాలంటారు. పశువులను కట్టేస్తారు. రాణి మల్లిక మాత్రం రాజును బుద్ధుడి దగ్గరికి వెళ్లమంటుంది. బుద్ధుడు ఒక్కో కలా విని, వీటి ఫలం నీకు తగలదని, పాలకులు అధర్మంగా నడిచే రాబోయే రోజుల తీరును ఇవి చూపుతున్నాయని చెబుతాడు. బలికి తెచ్చిన పశువులను విడిచిపెడతారు.

కలను అడ్డం పెట్టుకుని భయం అమ్మేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఆ భయానికి మూల్యం చెల్లించేది నోరులేని ప్రాణులన్న సంగతిని ఈ కథ దాచలేదు. కలకు చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక గట్టి కొలతను కూడా ఇచ్చింది. అర్థం విన్న తర్వాత ఎవరి మెడ మీది కత్తి తొలగిందో, ఎవరి మెడ మీదికి కత్తి వచ్చిందో చూడాలి.

కల ఎందుకు వస్తుంది

మిలిందపఞ్హ అనే పాళీ గ్రంథంలో గ్రీకు రాజు మిలిందుడు ఈ ప్రశ్న అడుగుతాడు. నాగసేన థేరుడు ఆరు కారణాలు చెబుతాడు. వాతం, పిత్తం, శ్లేష్మం ప్రకోపించడం మొదటి మూడు. దేవతల ప్రభావం నాలుగోది, అలవాటైన పనులు ఐదోది, రాబోయేదానికి ముందస్తు గుర్తు ఆరోది. వీటిలో చివరిదొక్కటే నిజమవుతుందని ఆయన మాట. అద్దం ఎక్కడికీ వెళ్లి బొమ్మను తేదు, ఎదుట ఉన్నది దానిలో కనబడుతుంది, మనసులో కలా అంతేనని వివరిస్తాడు. పూర్తిగా నిద్రపోయినవాడికీ పూర్తిగా మేలుకున్నవాడికీ కల రాదని, కోతి నిద్ర లాంటి మధ్యస్థితిలోనే వస్తుందని కూడా అంటాడు.

5వ శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు ఈ కారణాలను నాలుగుగా కుదించాడు. శరీర ధాతువుల కలత, ముందు అనుభవించినది, దేవతలు కలిగించినది, పూర్వనిమిత్తం అనేవి ఆ నాలుగు. ఆయన వినయ వ్యాఖ్యలో అంధక అట్ఠకథ అనే ప్రాచీన ఆంధ్ర వ్యాఖ్యానాన్ని పేర్కొన్నాడు. సింహళానికీ కృష్ణా తీరానికీ మధ్య రాకపోకలు అప్పటికే పాతవి. తంబపణ్ణి, అంటే సింహళ, థేరుల కోసం ఉపాసిక బోధిసిరి చైత్యగృహం కట్టించిన సంగతి నాగార్జునకొండ శాసనంలో ఉంది. కల మీద జరిగిన ఈ చర్చ ఈ ఆరామాలకు తెలిసే ఉండవచ్చు.

కలలో చేసిన పాపం అంటుతుందా అన్న ప్రశ్న కూడా లేచింది. వినయ పిటకం కలలో జరిగిన వీర్యస్ఖలనాన్ని భిక్షువుకు దోషంగా లెక్కించలేదు. కథావత్థు ఈ వాదాన్ని విస్తరించింది. కలలోని తలంపు మంచిదో చెడ్డదో కావచ్చు గాని, అది బలహీనం కాబట్టి పూర్తి కర్మగా పండదని థేరవాద నిర్ణయం. చెడ్డ కల కని లేచి తనను తాను అసహ్యించుకునేవారికి ఇది పెద్ద ఊరట.

ఆధునిక నిద్రా పరిశోధన మరో కోణం చేర్చింది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశను 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది, మెలకువా దగ్గర పడుతుంది. కాబట్టి తెల్లవారుజామున వచ్చిన కల బాగా గుర్తుంటుంది. ఆ వేళ కల నిజమవుతుందన్న తెలుగువారి నమ్మకానికి ఈ స్పష్టతే ఊతమై ఉండవచ్చు.

స్వప్నఫలంపై నిషేధం

పంచాంగాల్లో స్వప్నఫలాల పట్టికలు తెలుగువారికి కొత్తకావు. పాము కనబడితే ఒకటి, పన్ను ఊడితే ఒకటి అంటూ ఫలం వెతుక్కోవడం ఇళ్లలో వాడుకే. దీఘ నికాయంలోని బ్రహ్మజాల సుత్తం కలలకు ఫలం చెప్పి పొట్టపోసుకోవడాన్ని శ్రమణుడికి తగని జీవనోపాధుల జాబితాలో చేర్చింది. సుత్తనిపాతంలోని తువటక సుత్తమూ ఇదే మాట చెబుతుంది. బుద్ధుడు కలలకు అర్థం లేదనలేదు. ఎదుటివాడి భయాన్ని బతుకుదెరువు చేసుకోవద్దన్నాడు.

నాగార్జునుడు: కలలాంటి లోకం

2వ శతాబ్దం ప్రాంతంలో జీవించి, శాతవాహన రాజుకు స్నేహలేఖ రాశాడని సంప్రదాయం చెప్పే నాగార్జునుడు మూలమధ్యమకకారిక ఏడో ప్రకరణం చివర పుట్టడం, నిలవడం, నశించడం అనే మూడింటినీ కలతో, మాయతో, గంధర్వ నగరంతో పోల్చాడు. దీని అర్థం లోకం లేదని కాదు. కలలో ఏడ్చినవాడి దిండు నిజంగానే తడుస్తుంది. కల కారణాల వల్ల వచ్చింది, ప్రభావం చూపింది, కానీ తనంతట తాను నిలిచే సరుకు దానిలో లేదు. మెలకువలోని కోపం, పగ, ఆస్తి గొడవ కూడా అంతేనని ఆయన వాదం. మజ్ఝిమ నికాయంలోని పోతలియ సుత్తంలో బుద్ధుడు ఇదే పోలికను వాడాడు. కలలో అందమైన తోటలు, చెరువులు చూసినవాడికి లేచాక ఏమీ కనబడనట్టే కామసుఖాలు ఉంటాయన్నాడు.

కలా మెలకువా ఒకటే అయితే మెలకువలో చేసిన పనికి బాధ్యత ఎందుకన్న ప్రశ్నను మరో బౌద్ధ ఆచార్యుడు వసుబంధువు తన వింశతికలో తీసుకున్నాడు. నిద్ర మనసును మందగింపజేస్తుంది కనుక కలలోని చర్యకూ మెలకువలోని చర్యకూ ఫలం సమానం కాదని బదులిచ్చాడు. థేరవాదులు వేరే దారిలో చేరిన చోటుకే ఆయనా చేరాడు.

అమరావతిలో కాలచక్రం

మహాయానంలో కలకు మరింత చోటు దొరికింది. సువర్ణప్రభాస సూత్రంలో రుచిరకేతు బోధిసత్త్వుడు కలలో బంగారు దుందుభిని చూసి, దాని ధ్వనిలో పశ్చాత్తాప గాథలు వింటాడు. చైనాలో హాన్ చక్రవర్తి మింగ్ కలలో బంగారు మనిషి కనబడటం వల్లే బౌద్ధం అక్కడికి చేరిందని ఐతిహ్యం. టిబెట్‌లో 11వ శతాబ్దపు నారోపా పేరుతో ప్రసిద్ధమైన ఆరు ధర్మాల్లో స్వప్నయోగం ఒకటి. కల కంటున్నానన్న ఎరుక కలలోనే తెచ్చుకోవడం, కలలో కనబడే వాటిని మార్చి చూసి భయాన్ని వదలడం దానిలో అభ్యాసాలు.

ఈ టిబెటన్ సంప్రదాయం 2006 జనవరిలో తెలుగు నేలకు వచ్చింది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెటన్లు నమ్ముతారు. ఆ ధాన్యకటకమైన అమరావతిలో 14వ దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చారు. కాలచక్ర దీక్షకు పూర్వాంగంగా శిష్యులకు రెండు దర్భపోచలు ఇస్తారు. ఒకటి పరుపు కింద, ఒకటి దిండు కింద పెట్టుకుని పడుకుని తెల్లవారుజామున వచ్చే కలను గమనించాలి. మర్నాడు గురువు కలల గురించి మాట్లాడతారు. చెడ్డ కల వచ్చినవారు బెదరవద్దని, దాని శూన్యతను తలచుకోమని చెబుతారు. కల వచ్చిందని పొంగిపోవడానికీ, కుంగిపోవడానికీ అక్కడ తావు లేదు.

కలతో ఏం చేయాలి

గ్రంథాలు చెప్పిన సాధన ఇంటిపని చేసుకునేవారికీ అందేదే. ఎరుక లేకుండా నిద్రలోకి జారినవాడు పీడకలలు చూస్తాడని, ఎరుకతో పడుకున్నవాడికి అవి రావని అంగుత్తర నికాయం అంటుంది. మైత్రీభావన వల్ల కలిగే పదకొండు ప్రయోజనాల్లో సుఖంగా నిద్రపోవడం, సుఖంగా లేవడం, పాపపు కలలు రాకపోవడం మొదటి మూడు. పడుకునే ముందు తన వారికి, తెలియనివారికి, చివరికి తనకు కిట్టనివారికి కూడా మేలు జరగాలని తలచుకోవడమే ఆ భావన.

చనిపోయిన పెద్దలు కలలోకి రావడం తెలుగిళ్లలో చాలామంది ఎరిగిన అనుభవం. తెలంగాణలో పెత్రమాసకు పెద్దల పేరుతో బియ్యం ఇస్తారు. బౌద్ధంలో దీనికి దగ్గరి కథ బింబిసారుడిది. రాత్రి భయంకరమైన అరుపులు విని కలత చెందిన రాజుకు, అవి నీ పూర్వజన్మ బంధువులవని, సంఘానికి అన్నం పెట్టి ఆ పుణ్యాన్ని వారికి పంచమని బుద్ధుడు సలహా ఇచ్చాడు. భయాన్ని దానంగా మార్చడం ఈ కథలోని కిటుకు. కలలో కనబడిన తండ్రి ఏం కోరాడో ఎవరూ తేల్చలేరు. ఆయన పేరుతో ఒకరి ఆకలి తీర్చడం మాత్రం చేతిలో పనే.

ఒకే పీడకల వదలకుండా వెంటాడి నిద్రను, పనిని దెబ్బతీస్తుంటే వైద్యుణ్ణి కలవడం ఈ సంప్రదాయానికి విరుద్ధం కాదు. నాగసేనుడి ఆరు కారణాల్లో మొదటి మూడూ శరీరానివే.

నేటి స్థితి

నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో తీర్చిదిద్దిన బుద్ధవనం 2022 మేలో ప్రారంభమైంది. బుద్ధుడి జీవిత ఘట్టాలు, జాతక కథలు అక్కడ శిల్పాలుగా ఉన్నాయి. గోయెంకా సంప్రదాయంలోని విపశ్యన కేంద్రం సాగర్‌లోనూ ఉంది. అక్కడ పదిరోజుల శిబిరంలో కలలకు ఫలం చెప్పరు. శ్వాసను, ఒంటి మీది అనుభూతులను గమనించడం నేర్పుతారు.

ఆషాఢ పౌర్ణమిని ఊళ్లో గురుపౌర్ణమి అంటారు. బౌద్ధులకు అది మాయాదేవి కల వచ్చిన రాత్రి, సారనాథ్‌లో బుద్ధుడు తొలిసారి బోధించిన రోజు. కలకూ బోధకూ ఒకే తిథి కుదిరింది. ఆ రెంటి మధ్య ముప్పయి ఐదేళ్ల పైచిలుకు జీవితం ఉంది. అందులో పెరిగిన ఇల్లుంది, విడిచిన ఇల్లుంది, ఆకలి ఉంది, నేరేడు నీడ జ్ఞాపకం ఉంది. తల్లి కన్న కలకు అర్థాన్ని సభలోని 64 మంది ఒక్క పూటలో చెప్పగలిగారు. దాన్ని నిజం చేయడానికి ఆ బిడ్డ అన్నేళ్లు నడవవలసి వచ్చింది.